మొదట బీరువా తీసిందెవరు?

2025 ఉగాదికి మా ఊరు వెళ్లాను. మా ఊరు వెంకటమ్మనహళ్లి. తుమకూరు జిల్లా పావగడ తాలూకా. మ్యాపులో చూస్తే కర్ణాటక. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. పావగడ శనిమహాత్ముడి గుడికి వచ్చిన పాఠకులకు మా దారులు తెలిసే ఉంటాయి. తాలూకాకు దాదాపు అన్ని వైపులా ఆంధ్ర సరిహద్దే. వేరుశనగ పండితే పండుగ, లేకపోతే లేదు. మేము ఓటు వేసేది ఒక రాష్ట్రంలో, పోట్లాడుకునేది పక్క రాష్ట్రం రాజకీయాల గురించి. ఇది మా తాతల నాటి నుంచీ ఉన్న జబ్బు.

పచ్చడి తిని రచ్చకట్ట మీద కూర్చున్నామో లేదో, పులివెందుల కేసు మాట వచ్చింది. ఆ మార్చి నెలలోనే ఆ ఇంటి కాపలాదారు చనిపోయాడు. అతను ముఖ్యమైన సాక్షి. "ఇంగేముంది సామీ, సాక్షులంతా పోతాండారు" అన్నాడొకాయన. "అంతా ఆ సీబీఐ రాంసింగ్ చేసిన పని" అని ఒక పెద్దాయన, "రాంసింగ్ లేకుంటే ఈ మాత్రమన్నా బయటికొచ్చునా" అని ఆయన సొంత తమ్ముడు. అన్నదమ్ములిద్దరూ మధ్యాహ్నం ఒబ్బట్ల వేళ దాకా మాట్లాడుకోలేదు. ఎన్నడూ మా తాలూకాలో అడుగు పెట్టని ఒక పోలీసు అధికారి కోసం ఒకే కంచంలో తిని పెరిగిన వాళ్లు ఎడమొహం పెడమొహం అయ్యారు. బెంగుళూరు తిరిగి వచ్చాక కూడా అది నన్ను వదల్లేదు. మన పత్రికలో రాజకీయాలు రాయకూడదన్న నియమం నాకు తెలుసు. నేను రాసేది రాజకీయం కాదు. దర్యాప్తు అనే పని గురించి. అందులోనూ, బ్యాంకులో ముప్పై ఏళ్లు పనిచేసినవాడికి అర్థమయ్యేంత వరకే.

కేసు సంగతి మరచిపోయిన వారి కోసం క్లుప్తంగా చెబుతాను. కడప మాజీ ఎంపీ, రాష్ట్ర మాజీ మంత్రి, రాజశేఖరరెడ్డి గారి తమ్ముడు వై.ఎస్. వివేకానందరెడ్డి గారు 2019 మార్చి 15 తెల్లవారుజామున పులివెందులలో సొంత ఇంట్లో చనిపోయి కనిపించారు. ఎన్నికలకు నెల కూడా లేదు. పొద్దున టీవీల్లో గుండెపోటు అన్నారు. పోలీసులు మొదట రాసుకున్న కేసు కూడా అనుమానాస్పద మృతి అనే. శరీరం మీద గొడ్డలి గాయాలున్నాయన్న సంగతి బయటపడ్డాక అది హత్య కేసుగా మారింది. ఈ లోపల గదిలో నెత్తురు కడిగేశారని, గాయాలకు కట్లు కట్టారని సీబీఐ తర్వాత కోర్టుకు చెప్పింది. ఇంట్లోకి ఎంతమంది వచ్చి పోయారో, ఏది ఎక్కడ జరిపారో లెక్క లేదు. స్థానిక ఇన్‌స్పెక్టరును అలసత్వం చూపారని సస్పెండ్ చేశారు. 2021లో ఆయన మళ్లీ ఉద్యోగంలోకి వచ్చారు.

దర్యాప్తు చేతులు మారిన తీరు చూడండి. హత్య జరిగిన రోజే ఒక ప్రత్యేక బృందం వేశారు. మే నెలలో ప్రభుత్వం మారింది, బృందమూ మారింది. సీబీఐ కావాలని ప్రతిపక్షంలో ఉండగా హైకోర్టుకు వెళ్లిన జగన్‌మోహన్‌రెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యాక ఆ పిటిషన్ ఉపసంహరించుకున్నారు. వివేకానందరెడ్డి గారి భార్య, కూతురు డాక్టర్ సునీత గారు పట్టు వదల్లేదు. 2020 మార్చి 11న హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. ఆ జూలైలో సీబీఐ పని మొదలుపెట్టింది. అంటే నెత్తురు కడిగేసిన గదికి వాళ్లు వచ్చేసరికి ఏడాది నాలుగు నెలలు దాటింది.

ఈ దర్యాప్తుకు ముఖంగా జనానికి తెలిసినవాడు రాంసింగ్. కడప కేంద్ర కారాగారం అతిథిగృహంలో మకాం, అక్కడికే అందర్నీ పిలిపించి గంటల కొద్దీ ప్రశ్నలు. 2021 ఆగస్టులో ఒక నిందితుణ్ని గోవాలో పట్టుకున్నారు. అతను చెప్పాడని పులివెందుల రోటరీపురం వంకలో ఆయుధం కోసం వెతికారు. మురుగునీరు తోడించి, బురద ఎత్తించి, రోజుల తరబడి వెతికించారు. రెండున్నరేళ్ల కిందట పడేశారన్న ఇనుప ముక్క ఏటి బురదలో దొరుకుతుందా అని ఊళ్లో నవ్వినవాళ్లున్నారు. అదే నెలలో సమాచారం ఇచ్చినవారికి 5 లక్షల రూపాయలు ఇస్తామని పత్రికల్లో ప్రకటించారు. మా ఖాతాదారు ఒకాయన ఆ ప్రకటన చూపించి, "ఇంత పెద్ద సంస్థ చేతిలో ఏమీ లేదని చెప్పుకున్నట్టే గదా సార్" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. అయితే చేతిలో ఏమీ లేనివాడు ఏం చేయాలో అది చేశాడని కూడా అనిపించింది.

ఆపైన కేసు ఒక్కసారిగా ముందుకు నడిచింది. వివేకానందరెడ్డి గారి మాజీ డ్రైవరు దస్తగిరి తాను కూడా హత్యలో ఉన్నానని మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇచ్చాడు. 2021 నవంబరులో కోర్టు అతనికి క్షమాభిక్ష ఇచ్చి అప్రూవరుగా ఒప్పుకుంది.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. మన చట్టంలో పోలీసు అధికారి ముందు నేరం ఒప్పుకుంటే అది నిందితుడి మీద సాక్ష్యంగా చెల్లదు. కొట్టి ఒప్పిస్తారన్న భయంతో ఇంగ్లీషు వాళ్ల కాలంలోనే పెట్టిన కట్టుబాటు ఇది. అందుకే మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్లాలి. ఆయన "నువ్వు చెప్పనక్కర్లేదు, చెబితే నీ మీదే వాడతారు" అని ముందే హెచ్చరించాలి. అప్రూవరు అయితే మరో మెట్టు. దాపరికం లేకుండా మొత్తం నిజం చెప్పాలన్న షరతు మీదే క్షమాభిక్ష. మాట తప్పితే అది పోతుంది. అయినా సరే, నేరంలో పాలుపంచుకున్నవాడి మాటను ఇతర ఆధారాల దన్ను లేకుండా కోర్టులు మామూలుగా నమ్మవు. మా భాషలో చెప్పాలంటే, ఎగవేసిన అప్పుదారు ఇంకో అప్పుదారు మీద ఫిర్యాదు తెచ్చినట్టు. ఫిర్యాదు నిజం కావచ్చు, కాని ఖాతా పుస్తకం తీసి చూడకుండా సంతకం పెట్టలేం.

రాంసింగ్ మీద వచ్చిన విమర్శల్లో బరువైనది ఇదే. సొంత చేతులతో చంపానన్నవాణ్ని బయట తిప్పుతున్నారు, అతని మాట పట్టుకుని మిగతావారిని లోపల వేస్తున్నారు, కుటుంబంలోని ఇతర తగాదాలను, ఆస్తి గొడవలను చూడటం లేదు అని నిందితుల వైపు వారు అన్నారు. సాక్షులను బెదిరించి తమకు కావలసిన పేర్లు చెప్పించుకుంటున్నారనీ ఆరోపించారు. 2022 ఫిబ్రవరిలో ఒక వ్యక్తి తనను అలా ఒత్తిడి చేశారని ఫిర్యాదు చేస్తే, కడప పోలీసులు రాంసింగ్ మీదే కేసు పెట్టారు. హైకోర్టు దాన్ని నిలిపివేసింది. ఆ ఫిర్యాదు చేసిన వ్యక్తినే సీబీఐ 2023 ఏప్రిల్‌లో నిందితుడిగా అరెస్టు చేసింది. ఇందులో ఏది కారణం, ఏది పర్యవసానం అన్నది మీరెటు నిలబడి చూస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. మా ఊరి అన్నదమ్ముల తగవు సరిగ్గా ఈ ఒక్క సంగతి మీదే.

2022 నవంబరు 29న సుప్రీంకోర్టు విచారణను కడప నుంచి హైదరాబాదు సీబీఐ కోర్టుకు మార్చింది. సొంత జిల్లాలో న్యాయంగా విచారణ జరుగుతుందా అన్న సునీత గారి భయంలో అర్థం ఉందని కోర్టు భావించింది. ఒక కూతురు తండ్రి హత్య కేసును సొంత జిల్లా నుంచి, సొంత రాష్ట్రం నుంచి బయటికి తీసుకుపోవలసి వచ్చింది. ఈ కేసులో ఎవరి పక్షం వహించేవారైనా ఈ ఒక్క విషయం దగ్గర కాసేపు ఆగితే బాగుంటుంది.

నాలుగు నెలలు తిరగకుండానే అదే సుప్రీంకోర్టు రాంసింగ్‌ను పక్కన పెట్టింది. చిత్రమేమిటంటే, దర్యాప్తు ఆలస్యమవుతోంది, అధికారిని మార్చండి అని కోర్టుకెక్కింది నిందితుల్లో ఒకరి భార్య. జైల్లో ఉన్నవాడికి ఆలస్యమే శిక్ష కాబట్టి ఆమె బాధ ఆమెది. సీబీఐ రాంసింగ్‌ను ఉంచాలనే చూసింది. కోర్టు ఒప్పుకోలేదు. 2023 మార్చి 29న డీఐజీ కె.ఆర్. చౌరాసియా నాయకత్వంలో కొత్త బృందం ఏర్పడింది, ఏప్రిల్ 30 లోపు ముగించమని గడువు పెట్టారు. తర్వాత దాన్ని జూన్ ఆఖరు దాకా పొడిగించారు. మామూలుగా అధికారి మారితే కేసు చల్లబడుతుందంటారు. ఇక్కడ కొత్త బృందం వచ్చిన మూడు వారాల లోపే పెద్ద అరెస్టులు జరిగాయి. అంటే పాత అధికారి వేసిన దారిలోనే కొత్తవారు నడిచారు. రాంసింగ్ దారి సరైనదే అని తమ్ముడంటాడు. గోతిలో పడ్డ బండి చక్రం గోతిలోనే నడుస్తుంది అని అన్నంటాడు. నిందితుల పేర్లు నేను ఇక్కడ రాయను. ఇది రాసేనాటికి తీర్పు రాలేదు. తీర్పు రానివారి పేర్లు కుటుంబ పత్రికలో అచ్చువేయడం నాకు ఇష్టం లేదు.

రాంసింగ్ బృందం పని అంతా నిర్దుష్టం అనడానికి లేదు. నిందితుల్లో ఒకరు ఆ రాత్రి ఎక్కడున్నాడో చెప్పడానికి గూగుల్ దాచిన ఫోను వివరాలు తెప్పించారు. ఆ వివరాల్లోని గడియారం గ్రీన్‌విచ్ కాలమానం. దాన్ని మన కాలమానం అనుకుని లెక్క కట్టారు. తర్వాత ఐదున్నర గంటలు కలపాలని దిద్దుకోవలసి వచ్చింది. అర్ధరాత్రి తర్వాత అనుకున్నది తెల్లవారి పొద్దెక్కాక అయిపోయింది. అమెరికాలో పిల్లలున్న ప్రతి ఇంట్లో తల్లికి ఈ లెక్క వేళ్ల మీద ఉంటుంది. 'ఇప్పుడు చేస్తే నిద్ర లేపుతాను' అని ఆగే తల్లికి తెలిసిన సంగతి అంత పెద్ద దర్యాప్తులో జారిపోయింది. బ్యాంకులో ఇలాంటి పొరపాటుకు మెమో ఇస్తారు. అక్కడ ఒక మనిషి జీవితమే దాని మీద వేలాడుతోంది.

ఇంకో చిన్న సంగతి నన్ను ఆకర్షించింది. చనిపోయేముందు వివేకానందరెడ్డి గారే రాశారంటూ పోలీసులకు ఒక ఉత్తరం చేరింది. దాని మీద వేలిముద్రలు ఎవరివో తేల్చడానికి నిన్‌హైడ్రిన్ అనే రసాయన పరీక్ష చేయాలని సీబీఐ 2023లో కోర్టును అడిగింది. వేలి చెమటలోని పదార్థంతో కలిసి అది ఊదారంగు తేలుస్తుంది. చిక్కేమిటంటే, ఆ పరీక్షలో ఉత్తరం మీది రాత చెడిపోవచ్చు. ముద్ర కావాలంటే రాతను పణంగా పెట్టాలి. అందుకే కోర్టు అనుమతి కావలసి వచ్చింది, దొరికింది. నాలుగేళ్ల తర్వాత ఈ తంటా! మొదటి రోజే ఆ కాగితాన్ని ఎవరు ముట్టారు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయింది అని ఒక తెల్లకాగితం మీద నాలుగు వరుసలు రాసి ఉంటే సగం పని తీరేది.

2023 డిసెంబరులో మరో మలుపు. వివేకానందరెడ్డి గారి దగ్గర సహాయకుడిగా పనిచేసిన వ్యక్తి ఫిర్యాదు మీద పులివెందుల పోలీసులు సునీత గారు, ఆమె భర్త, రాంసింగ్ ముగ్గురి మీదా కేసు పెట్టారు. హతుడి కూతురు, దర్యాప్తు అధికారి ఒకే కేసులో ముద్దాయిలు! 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ వార్త వచ్చిన రోజు ఊరి నుంచి తమ్ముడు నాకు ఫోను చేశాడు. "మా అన్నకు చెప్పు సామీ" అన్నాడు. పక్క గదిలో ఉన్న అన్నకు నేను బెంగుళూరు నుంచి చెప్పాలట.

మా ఊరి వాళ్లకు పోలీసుల గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, దానికో కారణం ఉంది. 2005 ఫిబ్రవరి 6న చిక్కమగళూరు అడవుల్లో సాకేత్ రాజన్ అనే మావోయిస్టు నాయకుడు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. నాలుగు రోజులకు, 10వ తేదీ రాత్రి, మా వెంకటమ్మనహళ్లి బడిలో మకాం వేసిన కర్ణాటక రిజర్వు పోలీసుల మీద మావోయిస్టులు దాడి చేశారు. పోలీసులు చనిపోయారు, ఒక మామూలు పౌరుడూ చనిపోయాడు. ఎక్కడి చిక్కమగళూరు, ఎక్కడి పావగడ! ఆ పోలీసులకు ఆ కాల్పులతో ఏ సంబంధమూ లేదు. నేను అప్పుడు ఆంధ్రలో ఒక బ్రాంచిలో ఉన్నాను. తెల్లవారి బయలుదేరి వచ్చేసరికి ఊరు ఊరంతా బయట నిలబడి ఉంది. మా నాన్న నోట మాట లేదు. ముందు రోజు సాయంత్రం ఆ కుర్రాళ్లలో ఒకడు మా ఇంటికి వచ్చి మజ్జిగ అడిగి తాగిపోయాడని అమ్మ పదేపదే చెప్పింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ కేసులో నిందితులను వెతుకుతూ వచ్చిన పోలీసులు ఊళ్లో ఎవరెవరిని ఎలా ప్రశ్నించారో చూసినవాళ్లు మావాళ్లు. చనిపోయిన పోలీసు కోసం ఏడ్చిందీ వాళ్లే, బతికున్న పోలీసును చూసి తలుపు వేసుకున్నదీ వాళ్లే. రాంసింగ్ మీద అన్నదమ్ములు చెరో మాట అనడంలో నాకు ఆశ్చర్యమేమీ కనిపించదు.

నేను మాత్రం రచ్చకట్ట మీద ఏ పక్షమూ చెప్పలేదు. దానికి కారణం వేరే ఉంది. ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు.

1998లో నేను రాయలసీమలో ఒక చిన్న బ్రాంచిలో క్యాషియరును. బంగారం తాకట్టు నగలుండే బీరువాకు రెండు బీగాలు. ఒక తాళంచెవి మేనేజరు దగ్గర, రెండోది నా దగ్గర. ఇద్దరమూ ఉంటేనే అది తెరుచుకోవాలి. ఒక సాయంత్రం మా ఊరి చివరి బస్సు అందుకోవాలన్న తొందరలో నా తాళంచెవి మేనేజరు గారి చేతిలో పెట్టి వెళ్లిపోయాను. చేయకూడని పని. అందరూ చేసే పనే అని అప్పుడు అనుకున్నాను. నాలుగు రోజులకు ఒక రైతు అప్పు తీర్చి నగలు విడిపించుకోబోతే సంచిలో రెండు గాజులు తక్కువ. మేనేజరు గారు, "రీజనల్ ఆఫీసుకు చెప్పేముందు అన్నీ ఒకసారి సరిచూద్దాం" అన్నారు. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని సంచులన్నీ విప్పాం, తూచాం, కొత్త దారంతో కట్టాం, కొత్త లక్క వేశాం. వరసగా సర్దాం. మర్నాడు చూస్తే బీరువా పెళ్లివారి ఇల్లులా ఉంది. ఏ ముడి పాతది, ఏది కొత్తది అని ఇక బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

మూడో రోజు విజిలెన్స్ అధికారి వచ్చారు. నెమ్మదైన మనిషి. బీరువా తెరిచి చూసి ఒక నిట్టూర్పు విడిచారు. ఆయన చేతికి ఏదో ఒకటి కావాలి. ఆ గది ఊడ్చే అటెండరు దొరికాడు. అతనికి ఆ నెలలోనే చెల్లెలి పెళ్లి జరిగింది. ఆ డబ్బెక్కడిదన్నారు. నన్ను అడిగిన ప్రశ్నలకు నేను సరిగ్గానే జవాబిచ్చాను. తాళంచెవి నీ దగ్గరే ఉంటుందా అంటే ఉంటుంది అన్నాను. అది అబద్ధం కాదు. ఆ సాయంత్రం ఎక్కడుందని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అప్పటికి నాకు పెళ్లయి ఏడాది. ఆ గాజులు మేనేజరు గారే తీశారని నేననను. నాకు తెలియదు. ఆయన ఇప్పుడు లేరు.

అటెండరు రెండున్నరేళ్లు సస్పెన్షన్‌లో ఉన్నాడు. జీవనభృతి మీద ఇల్లు నడిపాడు. చివరికి శాఖాపరమైన విచారణలో ఆరోపణ రుజువు కాలేదని మళ్లీ తీసుకున్నారు, వేరే ఊరికి. విచారణ అధికారి చెడ్డవాడు కాడు. ఆయన వచ్చేసరికి బీరువా కడిగేసి ఉంది, అంతే. అందులో ఒక చెయ్యి నాది. అందుకే పులివెందుల గది కడిగేసిన సంగతి చదివిన ప్రతిసారీ, ఆ తర్వాత వచ్చి తవ్వినవాణ్ని తిట్టడానికి నాకు నోరు రాదు. మెచ్చుకోవడానికీ రాదు. ఆ రెండు గాజుల కేసులో విజిలెన్స్ అధికారి వంక బురద తోడలేదు, అప్రూవరును వెతకలేదు. అందరికంటే బలహీనుణ్ని పట్టుకుని ఊరుకున్నారు. రాంసింగ్ మీద ఎన్ని మచ్చలున్నా, ఆ ఒక్క సులువైన దారి మాత్రం ఆయన ఎంచుకున్నాడని నేననుకోను.

ఊరి నుంచి తిరిగి వస్తూ హిందూపురంలో ఒక పెళ్లికి ఆగాను. భోజనాల పంక్తిలో ఎదురుగా ఆ అటెండరు. రిటైరై, తల పండిపోయి, మనవణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. చేతులు కడుక్కున్నాక పక్కకు పిలిచి, ఇరవై ఏడేళ్ల కిందటి తాళంచెవి సంగతి చెప్పాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది.

అతను మనవడి మూతి తుడుస్తూ అన్నాడు: "నాకు తెలుసు సార్. మీరు బీగంచెవి ఆయన చేతికిచ్చి బస్సుకు పరిగెత్తేది నేను వసారాలో నిలబడి చూస్తానే ఉంటి."

"మరి ఎందుకు చెప్పలేదయ్యా?"

"నన్నెవురు అడిగినారు సార్? వచ్చినోళ్లంతా, నువ్వే గదా తీసింది అని అడిగిరి. తీసింది నేను కాదు అని చెప్తి. బీరువా మొదట ఎవురు తీసిరి అని ఒక్కరూ అడగల్యా."

పెళ్లివారు తాంబూలం ఇస్తున్నారు. అతను నాకు కూడా ఒకటి తెచ్చి ఇచ్చాడు.